జేబు నైటీలకు వెబ్‌సైటు

జాయ్ మొదట చేసిన వెబ్‌సైటు నల్లగా, చాలా గొప్పగా ఉండేది. నలుపు మీద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు. వాటి వెనక ఏదో చలిదేశపు వీధిలో పొడవాటి కోటు వేసుకుని పక్కకి చూస్తున్న మోడల్ ఫొటో. పైన ‘జాయ్ కలెక్షన్స్’ అని పేరు. అమ్మడానికి బట్టలు మాత్రం ఇంకా లేవు. అవి తర్వాత సంగతి అనుకుంది జాయ్.

జాయ్ వాళ్ళది కొత్తపేట. రోజూ ఉదయం బస్సెక్కి అమలాపురంలో డిగ్రీ కాలేజీకి వెళ్ళేది. మూడో ఏడు చదువుతోంది. ఫ్యాషన్ మార్కెటింగూ వెబ్ డిజైనూ కలిపి నేర్పే కోర్సు అది. ఆఖరి సెమిస్టరులో ఒక్కొక్కరూ ఏదో ఒక బట్టల వ్యాపారం తీసుకుని, దానికి పేరు దగ్గర నుంచి వెబ్‌సైటు దాకా అన్నీ తయారు చేసి చూపించాలి. డిసెంబరులో మొదలుపెట్టి ఏప్రిల్‌కి ముగించాలి. మధ్యలో రెండుసార్లు గైడు ముందు కూర్చుని పని ఎంతవరకూ వచ్చిందో చెప్పాలి.

ఆ ఇంట్లో ఇలాంటి చదువు చదివినవాళ్ళు అంతకు ముందు లేరు. జాయ్ ముత్తాత పరాయి పొలాల్లో కూలి చేశాడు. తాత మిషన్ బడిలో చదువుకుని టీచరయ్యాడు. అప్పటి నుంచి ఆ ఇంటికి టీచరుద్యోగం ఇంటిపేరులా అంటుకుపోయింది. తండ్రి దానియేలు హైస్కూల్లో లెక్కల మేష్టారు. తల్లి సుందరి ఎలిమెంటరీ బడిలో టీచరు. జాయ్ మాత్రం చిన్నప్పుడు ఎక్కాల పుస్తకం చివరి పేజీల్లో గౌన్ల బొమ్మలు గీసేది. ఇంటర్ అయ్యాక ఈ కోర్సులో చేరతానంటే సుందరి రెండు రోజులు ఆలోచించి, “సరే, నీకు ఇష్టమైందే చదువు. కానీ డిగ్రీ అయ్యేక బీఈడీ ఎంట్రన్సు మాత్రం రాయాలి” అంది. జాయ్ ఒప్పుకుంది.

గైడు శ్యామ్ బాబు గారు బెంగుళూరులో రెడీమేడ్ బట్టల కంపెనీలో పదేళ్ళు పనిచేసి, సొంత ప్రాంతంలో ఉండాలనిపించి పాఠాలు చెప్పడానికి వచ్చిన మనిషి. ఎవరినీ కసురుకోరు. డిసెంబరు ఆఖరులో జాయ్ చూపించిన నల్లటి సైటుని పై నుంచి కిందికి చూసి, మళ్ళీ కింద నుంచి పైకి చూసి, ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పారు.

“బాగుందమ్మా. ఇవి ఎవరు కొంటారు?”

“యూత్ అండి. పద్దెనిమిది నుంచి ముప్ఫై ఏళ్ళ లోపు ఆడవాళ్ళండి.”

“వాళ్ళలో ఒకళ్ళ పేరు చెప్పు.”

జాయ్‌కి అర్థం కాలేదు. “పేరేంటండి?”

“పేరేనమ్మా. ఈ కోటు కొనుక్కునే మనిషి పేరు. మీ వీధిలోగానీ, మీ చుట్టాల్లోగానీ, నీ క్లాసులోగానీ.”

జాయ్ చాలాసేపు ఆలోచించింది. కోటు వేసుకునేవాళ్ళంటే కోర్టు దగ్గర లాయర్లు తప్ప ఇంకెవరూ గుర్తుకు రాలేదు.

“ఒక పని చెయ్యి. వారం రోజులు ల్యాప్‌టాప్ తెరవకు” అన్నారు శ్యామ్ బాబు గారు. “మీ వీధిలో ఆడవాళ్ళు నిజంగా ఏం వేసుకుంటున్నారో, ఎక్కడ కుట్టించుకుంటున్నారో చూసి రా. అప్పుడు కూర్చుందాం.”

“ఆయ్, అలాగేనండి” అంది గానీ, బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. నెల్లాళ్ళు కూర్చుని చేసిన పని. ఆ బంగారు రంగు ఒక్కటి కుదరడానికే నాలుగు రోజులు పట్టింది.

ఇంటికి వచ్చి వరండాలో గోడకి చేరబడి కూర్చుంది. కాసేపటికి సుందరి బడి నుంచి వచ్చింది. చీర మార్చుకుని, పసుప్పచ్చ పూల నైటీ వేసుకుని, భుజం మీద తువ్వాలు కప్పుకుని, ఫోను నైటీ జేబులో పడేసుకుని పాల కేంద్రానికి బయల్దేరింది. ఎదురింటావిడ కూడా నైటీలోనే వచ్చి ఆమెతో కలిసింది. ఆవిడ జేబులోంచి తాళం చెవులు తీసి గేటు వేసింది. ఆ సాయంత్రం వీధిలో పదకొండు మంది ఆడవాళ్ళు అటూ ఇటూ వెళ్తే తొమ్మిది మంది నైటీలోనే ఉన్నారు. అందరి నైటీలకీ కుడి పక్కన జేబు. ఇరవయ్యేళ్ళుగా ఆ వీధిలో ఉంటూ జాయ్ ఈ సంగతి ఏనాడూ పట్టించుకోలేదు.

పాలు తీసుకుని వచ్చిన తల్లిని అడిగింది.

“అమ్మా, నైటీకి జేబేంటే?”

“కనకరత్నం కుట్టిందంటే జేబు ఉంటది గదా. జేబు లేకపోతే ఫోను ఎక్కడ పెట్టుకుంటాం?” అంది సుందరి, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

కనకరత్నం కుట్టు దుకాణం ఆ వీధి మొదట్లోనే. దుకాణమంటే ఇంటి ముందు గది. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడవారన గుడ్డల తాన్లు. కనకరత్నానికి యాభై దాటాయి. కళ్ళజోడుకి తాడు కట్టి మెళ్ళో వేసుకుంటుంది. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క చేతిలో ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటుంది, మిషను మీద కూర్చుంటే మాత్రం ఒక్క మాట రాదు.

జాయ్ సంగతంతా చెప్పి, “మీ నైటీలకి వెబ్‌సైటు చేస్తానండి పిన్నిగారూ” అంది.

కనకరత్నం సుద్దముక్క బల్ల మీద పెట్టి మరీ నవ్వింది.

“నైటీకి వెబ్‌సైటేంటి జాయమ్మా! ఎవరన్నా వింటే నవ్విపోతారు. ఏ పట్టుచీరల షాపుకో చెయ్యి, పేరొస్తది.”

“పేరు సంగతి తర్వాతండి. కొనేవాళ్ళుండాలి గదండీ. మీ నైటీలు వేసుకున్నంత మంది, ఇంకొకళ్ళు కుట్టినవి వేసుకుంటున్నారా చెప్పండి?”

కనకరత్నం వీధిలోకి చూసింది. అప్పుడే ఒకావిడ నైటీ జేబులో చెయ్యి పెట్టుకుని నడుచుకుంటూ పోతోంది.

“అయితే కూర్చో. కానీ ఊరికే కూర్చుంటే నాకు కుదరదు, గుండీలు కుట్టు” అంది.

అలా జాయ్ ఆ గదిలో పద్దెనిమిది రోజులు గుండీలు కుట్టింది. కాలేజీ నుంచి వచ్చి టీ తాగి నేరుగా అక్కడికే వెళ్ళేది. వేలికి సూది గుచ్చుకోవడం మూడో రోజుకి మానింది. నాలుగో రోజు గోడ వంక చూసింది.

గోడకి నాలుగు మేకులున్నాయి. ఒక్కో మేకుకీ మందపాటి కాగితం కటింగులు వేలాడుతున్నాయి. గుడ్డ మీద పెట్టి గీసుకోవడానికి ముందే కత్తిరించి ఉంచుకున్న కొలతలవి. ఒక్కోదాని మీదా పెన్సిలుతో ఒక పేరు. కుసుమ. సుందరి టీచరు. బుజ్జమ్మ. సీతారత్నం.

ఎవరైనా కొత్త మనిషి వస్తే కనకరత్నం టేపు తియ్యదు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఒక్కసారి చూసి, “మీకు బుజ్జమ్మ కొలత సరిపోతదండి, పొడుగు మాత్రం రెండంగుళాలు తగ్గిస్తాను” అంటుంది. జాయ్‌కి నమ్మకం కుదరక, వచ్చినవాళ్ళని బతిమాలి ఇరవై మందిని టేపుతో కొలిచింది. ఒక్క అంగుళానికి మించి తేడా రాలేదు.

“ఎస్సు, ఎమ్ము, ఎల్లు అని పెట్టుకోవచ్చు గదండీ?” అని అడిగింది.

“ఒక కంపెనీ ఎల్లు ఇంకో కంపెనీకి ఎమ్ము అవతది. దాన్నెక్కడ నమ్ముతాం? బుజ్జమ్మంటే ఎప్పుడూ బుజ్జమ్మే.”

జాయ్ ఆ మాట అట్ట మీద రాసుకుంది, షాపు నుంచి గుండీలు బిగించి వచ్చిన ఖాళీ అట్ట మీద.

జేబు కథ కూడా అక్కడే తెలిసింది. ఎనిమిదేళ్ళ కిందట బుజ్జమ్మ అనే పక్క వీధి మనిషి కువైట్‌లో ఒకరింట్లో పనికి వెళ్తూ, నైటీలు కుట్టించుకోవడానికి వచ్చింది. ఒక నైటీకి జేబు పెట్టమని అడిగింది. చేతిలో ఆ ఇంటి పసిబిడ్డ ఉంటాడు, ఫోను ఎక్కడో మోగుతుంది, వెతుక్కునేలోపు కట్టయిపోతుంది. అది తన పిల్లలు చేసే ఫోను. అంతకు ముందు రెండేళ్ళు మస్కట్‌లో అలాగే గడిచింది. వంగినా ఫోను జారిపోకుండా జేబు లోతుగా ఉండాలి, పైన గుండీ ఉండాలి అంది. కనకరత్నం మూడుసార్లు విప్పి మూడుసార్లు కుట్టి అలాంటి జేబు పెట్టింది. తర్వాత గల్ఫ్ వెళ్ళే ప్రతి ఆడమనిషీ అలాంటివే అయిదారు కుట్టించుకోవడం మొదలుపెట్టింది. పూతరేకుల డబ్బాల పక్కన పెట్టెల్లో మడతపెట్టుకుని తీసుకుపోయేవాళ్ళు. వాళ్ళని చూసి ఊళ్ళో వాళ్ళూ జేబే కావాలన్నారు.

“మరి అక్కడ చిరిగిపోతే ఏం చేస్తారండి?” అంది జాయ్.

“ఎవరన్నా ఇక్కణ్ణుంచి వెళ్ళేదాకా ఆగాలి. ఏం చేస్తారు మరి.”

జాయ్ కుడుతున్న గుండీ వదిలేసి గోడ వంక చూసింది. శ్యామ్ బాబు గారు ఒక్క పేరు అడిగారు. ఇక్కడ గోడ మీదే నాలుగున్నాయి. ఆ నాలుగు కొలతల మనుషులు కువైట్‌లో, మస్కట్‌లో, బహ్రెయిన్‌లో ఎంతమంది ఉన్నారో!

ఫిబ్రవరిలో రెండోసారి గైడు ముందు కూర్చునేసరికి సైటు తెల్లబడింది. అక్షరాలు తెలుగులోకి వచ్చాయి. పైన ‘కనకరత్నం జేబు నైటీలు’ అని పేరు. కింద బుజ్జమ్మ అడిగిన జేబు కథ. దాని కింద నాలుగు కొలతలు, నాలుగు పేర్లతో. ఒక్కో పేరు పక్కన జాయ్ స్వయంగా గీసిన బొమ్మ. శ్యామ్ బాబు గారు చదువుతూ చదువుతూ నవ్వారు. అది సంతోషపు నవ్వని జాయ్‌కి తెలిసింది.

“కొలతకి మనిషి పేరు! పదేళ్ళు కంపెనీలో ఉన్నా మాకు ఈ ఆలోచన రాలేదమ్మా. మరి ఈ నలుగుర్నీ అడిగేవా, పేరు పెడుతున్నానని?”

“మా అమ్మా, కువైట్ నుంచి ఫోన్లో బుజ్జమ్మత్తా సరేనన్నారండి. మిగతా ఇద్దర్నీ అడుగుతానండి.”

“మర్చిపోకు” అన్నారాయన.

కుసుమని అడిగింది. ఆ అమ్మాయి కొత్తగా పెళ్ళయి ఆ వీధికి వచ్చింది, నవ్వుతూ ఒప్పుకుంది. సీతారత్నాన్ని మాత్రం ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూనే, అడక్కుండానే ఒక ఉదయం సైటు లింకుని వీధి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఎవరికైనా తెరుచుకుంటోందో లేదో చూద్దామని. అలా పెట్టి బస్సెక్కింది.

సీతారత్నం బస్టాండు దగ్గర టిఫిను బండి నడుపుతుంది. భారీ మనిషి, పొడుగు కూడా. ఆమె ఇడ్లీ, అల్లం పచ్చడి కోసం పొద్దున్నే పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తారు. లింకు ఆ గ్రూపు దాటి బయటికి పోయింది. ఆ రోజు ఎనిమిదిన్నరకి ఎవరో ఒకాయన ఫోను చేత్తో పట్టుకుని వచ్చి, నలుగురిలో, “నాలుగు ఇడ్లీలండి, సీతారత్నం గారి సైజువి!” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో ఆమెకి తెలియలేదు. ఒకమ్మాయి ఫోను చూపించింది. నాలుగు కొలతల్లో ఆఖరున, అన్నిటికన్నా పెద్దదాని పక్కన తన పేరు. సీతారత్నం పిండి గిన్నె మీద మూత పెట్టి, తొమ్మిదింటికే బండి కట్టేసి ఇంటికి వెళ్ళిపోయింది.

పన్నెండు గంటలకి క్లాసులో ఉన్న జాయ్‌కి కనకరత్నం ఫోను చేసింది.

“జాయమ్మా, సీతారత్నం నా దగ్గరికొచ్చి ఏడ్చిందే. ‘గోడ మీద నా పేరున్నది నీకూ నాకూ మధ్య అనుకున్నాను’ అంది. నాకేం చెప్పాలో తెలీలేదు.”

జాయ్ అక్కడికక్కడే ఆ పేజీ తీసేసింది. శ్యామ్ బాబు గారికి చెప్పి, దొరికిన మొదటి బస్సెక్కింది. ఇంటికి కాకుండా సీతారత్నం ఇంటికే వెళ్ళింది.

సీతారత్నం పెరట్లో ఇడ్లీ రేకులు తోముతోంది. తల ఎత్తలేదు.

“అత్తగారూ, తప్పు నాదండి. మిమ్మల్ని అడక్కుండా పెట్టేను. తీసేసేనండి.”

“తీసేస్తే సరా? చూసినోళ్ళ కళ్ళల్లోంచి తీస్తావా?”

“తియ్యలేనండి” అంది జాయ్. ఇంకేం చెప్పినా అబద్ధమే అవుతుందనిపించింది. మెట్టు మీద కూర్చుని, తోమిన రేకులు ఒక్కొక్కటీ కడిగి బోర్లించడం మొదలుపెట్టింది. సీతారత్నం వద్దనలేదు.

రేకులన్నీ అయ్యాక సీతారత్నమే మాట్లాడింది.

“పోయినేడు మా మరదలి పెళ్ళికని ఒక పెద్ద షాపుకెళ్ళేను. నేను నోరు తెరవనేలేదు. ఆ పిల్ల నన్ను చూసి, ‘మీ సైజు లేదండీ’ అని ఆ చివర నుంచి ఈ చివరకి వినపడేలా అరిచింది. షాపంతా నా వైపు చూసేరు. కనకరత్నం దగ్గర అలాగుండదు. గుమ్మంలోకి వెళ్తే కూర్చోమంటది, నా కటింగు తీస్తది, అంతే. నాకు ఒక్కచోటుండేది.”

జాయ్ తల వంచుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ, ఏడవాల్సింది తను కాదనిపించి ఆపుకుంది.

“ఏదీ, ఏం పెట్టేవో చూపించు” అంది సీతారత్నం చెయ్యి తుడుచుకుంటూ. “నేను సరిగ్గా చూడనేలేదు.”

జాయ్ సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి, తీసేసిన పేజీని తెరిచి చూపించింది. సీతారత్నం కళ్ళు చిట్లించి, జేబు కథ మొత్తం కూడబలుక్కుని చదివింది. కిందికి వచ్చి, తన పేరు పక్కన ఉన్న బొమ్మ దగ్గర ఆగింది. జాయ్ నలుగురికీ ఒకే రకం నడుము గీసింది, చివరి బొమ్మకి కాస్త అటూ ఇటూ వెడల్పు చేసింది.

“ఇదెవరు? నేనా?” అంది సీతారత్నం. “నా నడుం ఇలాగ ఎప్పుడుందే? నా పెళ్ళినాడు కూడా లేదు!”

అని ఒక్కసారిగా నవ్వింది. జాయ్ భయపడి, తర్వాత తనూ నవ్వింది.

నవ్వు ఆగాక సీతారత్నం మళ్ళీ పైనున్న జేబు కథ దగ్గరికి వెళ్ళింది.

“కువైట్‌లోనూ నా లాంటోళ్ళుంటారు గదా” అంది.

“ఉంటారండి.”

“అయితే పేరుంచు. ఈ పిచ్చిబొమ్మ తీసెయ్, నా ఫొటో పెట్టు. నాకు బాగుందనిపిస్తేనే పెట్టాలి. ఇంకోటి, నన్ను అందరికన్నా పైన పెట్టు. ఏ షాపుకెళ్ళినా మాది ఆఖరే. ఇక్కడైనా మేం అడుగుదాకా వెతుక్కోకూడదు.”

“ఆయ్, అలాగేనండి అత్తగారూ.”

మర్నాడు బండి దగ్గర ఆ ఇడ్లీల పెద్దమనిషి మళ్ళీ వస్తే, సీతారత్నం అతనికి నాలుగు ఇడ్లీలు పెట్టి, “ఆ సైజు మీకు అరగదు బాబూ, ఇవే తినండి” అందట. ఈసారి నవ్వు ఆమె పక్షాన వచ్చింది.

ఫొటోలు తీసుకోవడానికి ఒక ఆదివారం పట్టింది. ముందుగా జాయ్ కనకరత్నం పెరట్లో తాడు మీద తెల్ల దుప్పటి ఆరేసి, దాని ముందు ఒక్కొక్కరినీ నిలబెట్టింది. కుసుమ బొమ్మలా బిగుసుకుపోయింది. సుందరి హాజరు తీసుకుంటున్నట్టు నిలబడింది. పైగా, “టీచర్ని నైటీలో పెడతావా? మా హెడ్మాష్టారు చూస్తే?” అని పోరు పెట్టింది. సీతారత్నం రెండు ఫొటోలకే విసిగిపోయి, “ఇలా దుప్పటి ముందు నిలబెట్టడానికి మేమేం నేరం చేసేం? మా పని మేం చేసుకుంటుంటే తీసుకో” అంది.

ఆ మాట సరిగ్గా కుదిరింది. సీతారత్నాన్ని బండి దగ్గర తీసింది: ఒక చేతిలో గరిటె, ఇంకో చెయ్యి నైటీ జేబులో, వెనక ఇడ్లీ ఆవిరి. ముప్ఫై ఒక్క ఫొటోలు కాదని ముప్ఫై రెండోది సీతారత్నం ఒప్పుకుంది. కుసుమని సైకిలు తుడుస్తుంటే తీసింది. సుందరిని తీయడానికి దానియేలు మేష్టారే కల్పించుకోవలసి వచ్చింది. “మీ హెడ్మాష్టారు గారి భార్య కూడా కనకరత్నం దగ్గరే కుట్టించుకుంటారు, నేను చూసేను” అన్నారాయన. దాంతో సుందరి తువ్వాలు సవరించుకుని, మల్లెపాదుకి నీళ్ళు పోస్తూ నిలబడింది. బుజ్జమ్మ తన ఫొటో తనే కువైట్ నుంచి పంపింది, ఆ ఇంటి మేడ మీద బట్టలు ఆరేస్తూ.

ఇక సైటు పని అయిపోయినట్టే అనుకుంది జాయ్. బుజ్జమ్మకి శుక్రవారం మధ్యాహ్నం కాస్త తీరిక. ఆ వేళకి ఫోను చేసి, “అత్తా, నువ్వే ఒక నైటీ కొను, నేను ఏమీ చెప్పను” అంది.

బుజ్జమ్మ తెరిచింది. తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. తర్వాత ఏదో గొణుక్కుంది.

“ఏమైందత్తా?”

“నీలం పూలది బాగుంది. నొక్కుతున్నాను. ఏమీ అవట్లేదే.”

“కింద ‘ఆర్డరు చేయండి’ అని ఉంది చూడు.”

“కిందెందుకుంటది? నాకు కావాల్సింది ఫొటోలోది గదా, నేను ఫొటోనే నొక్కుతాను. ఇదేంటి, పేరు, ఊరు, పిన్‌కోడు, ఇన్ని గళ్ళు! ఇవన్నీ నింపేలోపు మేడమ్ పిలుస్తది. నేను నోటితో చెప్తే తీసుకోదా ఇది?”

జాయ్ ఫోను పెట్టేసి, మూడు వారాలుగా ముచ్చటపడి చేసిన ఆర్డరు పేజీని తీసేసింది. ఈసారి ఏడుపు రాలేదు. ఫొటో మీద ఎక్కడ నొక్కినా కనకరత్నం వాట్సాప్ తెరుచుకునేటట్టు, అందులో నోటితోనే చెప్పి పంపేటట్టు మార్చింది. త్వరగా తెరుచుకునేలా ఫొటోల బరువు తగ్గించింది. బుజ్జమ్మ తెలుగు మెల్లిగా చదువుతుందని గమనించి, ప్రతి ఫొటో దగ్గరా చిన్న గుర్తు పెట్టింది. దాన్ని తాకితే కనకరత్నం గొంతు వినిపిస్తుంది: “ఇది మెత్తటి కాటనండి. రెండు ఉతుకులకి ఇంకా మెత్తబడతది. జేబు కుడిపక్కనండి, పైన గుండీ ఉందండి.” ఆ నాలుగు ముక్కలు రికార్డు చేయడానికి కనకరత్నం తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని వచ్చింది. గొంతుకి చీరెందుకని జాయ్ అడగలేదు.

వారం తర్వాత బుజ్జమ్మ మళ్ళీ ప్రయత్నించింది. ఒక్క నిమిషంలో కనకరత్నం ఫోను మోగింది. “కనకమ్మక్కా, నీలం పూలది ఒకటి, నా కొలతే. నీ గొంతు ఎంత బాగుందే, పక్కనుండి చెప్తున్నట్టుంది” అని అందులో బుజ్జమ్మ మాట. కనకరత్నం దాన్ని నాలుగుసార్లు వింది.

ఏప్రిల్లో చివరి పరీక్ష. వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఒకావిడ, గంభీరమైన మనిషి. సైటు తెరవగానే గరిటె పట్టుకున్న సీతారత్నం కనిపించింది.

“నైటీని ఫ్యాషన్ అంటారా?” అని అడిగారామె.

జాయ్ చెప్పింది. “ఒకళ్ళకి అవసరమై, ఇంకొకళ్ళకి నచ్చి, ఒకళ్ళని చూసి ఒకళ్ళు వేసుకుంటే అది ఫ్యాషనే కదా మేడమ్. ఈ జేబు అలాగే పాకిందండి. దాన్ని ఎవరూ ప్రచారం చెయ్యలేదు. నేను చేసింది, అది ఎలా పాకిందో చూసి, ఆ దారి కొంచెం వెడల్పు చెయ్యడమేనండి.”

“పెద్ద సైజు మొదట ఎందుకు పెట్టావు? సాధారణంగా చిన్నది ముందుంటుంది.”

జాయ్ తను చేసిన పొరపాటు దగ్గర నుంచి మొత్తం చెప్పింది. సీతారత్నం గారిని అడిగే చెబుతున్నానని కూడా చెప్పింది. శ్యామ్ బాబు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఎగ్జామినరు వింటూ ఏదో రాసుకున్నారు. వెళ్ళే ముందు ఫొటో దగ్గర గుర్తుని తాకి, కనకరత్నం గొంతు చివరిదాకా విన్నారు.

క్లాసులో మొదటి స్థానం హేమంత్‌కి వచ్చింది. అతను చేనేత చీరల సైటు చేశాడు, మగ్గం మీద ఒక్కో పోగూ ఎలా నడుస్తుందో కదిలే బొమ్మలతో చూపించాడు. జాయ్‌ది రెండో స్థానం. ఒక పూట గుచ్చుకుంది. సాయంత్రం అతని సైటు మళ్ళీ మొదటి నుంచీ చూసి, ఆ పోగుల కదలిక తనకి చేతకాదని ఒప్పుకుని, అదెలా చేశావని అతన్నే అడిగి నేర్చుకుంది.

మే నెలలో బీఈడీ ఎంట్రన్సు రాసింది. మంచి ర్యాంకే వచ్చింది. కౌన్సెలింగుకి కాగితాలు సర్దుతుంటే సుందరి వచ్చి పక్కన కూర్చుంది.

“నీకు చేరాలనుందా?”

“రాస్తానని మాటిచ్చేను కదమ్మా.”

“రాయమన్నాను, రాసేవు. చేరమని నేననలేదే” అంది సుందరి. కాగితాలు మళ్ళీ కవర్లో పెట్టి బీరువాలో దాచింది. “ఇవి ఎక్కడికీ పోవు. ఎప్పుడైనా కావాలంటే అడుగు.”

ఇప్పుడు కనకరత్నం గదిలో మూడో మిషను వచ్చింది. దాని మీద కుసుమ కూర్చుంటుంది. పార్సిళ్ళు అమలాపురం కొరియరు ఆఫీసు నుంచి వెళ్తాయి. మస్కట్ నుంచి ఒకామె తనది సీతారత్నం కొలతకీ బుజ్జమ్మ కొలతకీ మధ్యలో ఉందని, తన పేరుతో ఇంకో కటింగు చెయ్యమని పట్టుబట్టింది. కనకరత్నం గోడకి అయిదో మేకు కొట్టింది.

జాయ్ ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని పనిచేస్తుంది. బండారులంకలో ఒక చీరల దుకాణానికి, అంబాజీపేటలో పిల్లల గౌన్లు కుట్టే అక్కచెల్లెళ్ళకి సైట్లు చేసి ఇచ్చింది. ఈ జూలైలో రాజోలు నుంచి తాతబ్బాయి అనే ఆయన ఫోను చేశారు. ముప్ఫై ఏళ్ళుగా స్కూలు యూనిఫారాలు కుడుతున్నారు.

“సైటు అంటే నాకు తెలీదండి. మా అబ్బాయి చేయించమంటున్నాడు. ఒకసారి వస్తారా?” అన్నారు.

వెళ్ళేసరికి వాన. ఆయనే గొడుగు పట్టుకుని బస్సు దగ్గరికి వచ్చారు. దుకాణంలో బెంచీల మీద తెల్ల చొక్కాలు, నీలం ప్యాంట్లు నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. వేడి టీ వచ్చింది. సైటు మాట ఎత్తకముందే ఆయన ఒక ప్యాంటు తీసి, దాన్ని వెలుతురుకి పట్టుకుని, ఎన్ని కుట్లు వేసినా పిల్లల ప్యాంట్లు మోకాలి దగ్గరే ముందు ఎందుకు చిరుగుతాయో చెప్పడం మొదలుపెట్టారు. జాయ్ టీ గ్లాసు పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.